డ్రైవరుగారి అద్దింటి పాలసీ

ఆ ఉదయం డ్రైవరుగారి పథకం చాలా చిన్నది. భార్య వాళ్ళ అక్కగారింటికి బయల్దేరగానే గేటు తీసి ఉంచాలి. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వస్తే వీధి వైపు మేడ చూపించాలి. భార్య తిరిగొచ్చేలోగా ఆయన్ని సాగనంపి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చోవాలి. ఉద్యోగమంతా కొండదారుల్లో బస్సు నడిపి, బండికి ఒక్క గీత కూడా పడకుండా రిటైరైన మనిషికి ఇదో పెద్ద పనిలా కనిపించలేదు.

ఆయన ఇంట్లోనూ డ్రైవరే. చూపు ముందుకి, నోరు మూసి. బస్సులో మాట్లాడే పని కండక్టరుది, ఇంట్లో భార్యది. అద్దె అడగడం, మోటారు ఎప్పుడు వేస్తారో చెప్పడం, గేటు వెయ్యనివాళ్ళని దులపడం అన్నీ ఆవిడ నోటి మీదుగానే జరిగేవి. అందుకని అద్దెకున్నవాళ్ళు ఆవిడకి కండక్టరమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆవిడకి ఇష్టం.

వాళ్ళ ఆవరణలో రెండిళ్ళున్నాయి. వీధి వైపు గాలీ వెలుతురూ వచ్చే మేడ, దాని వెనక రెండు గదుల చిన్న ఇల్లు. మొగుడూ పెళ్ళాలు వెనకింట్లో సర్దుకుని మేడ అద్దెకిచ్చారు. కింది వాటాలో మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టే టైలరమ్మ, పైవాటాలో స్కూల్లో బొమ్మలు నేర్పే డ్రాయింగు టీచరు. ఆయన పింఛను మందుల షాపు వరకూ వెళ్ళి ఆగిపోయేది. మిగతా బతుకంతా ఆ అద్దెల మీదే నడిచేది.

ఇన్సూరెన్సు చేయించాలన్న బుద్ధి ఆయనకి ఊరికే పుట్టలేదు. పక్క వీధిలో ఓ రిటైర్డు గుమాస్తాగారి ఇల్లు కరెంటు తీగలు అంటుకుని సగం కాలిపోయింది. ఆయనకి పాలసీ ఉంది. ఉన్నా కంపెనీ పైసా విదల్చలేదు. తాను కాపురముంటున్న ఇల్లని పాలసీ తీసుకుని, ఆ ఇల్లు అద్దెకిచ్చాడట. అద్దెకిచ్చిన ఇంటికి వేరే పాలసీ ఉంటుందట. పాపం, ఆ తేడా ఆయన బూడిద ముందు నిలబడి నేర్చుకున్నారు. అప్పట్నుంచి కనబడ్డ ప్రతివాళ్ళనీ ఆపి "మీ పాలసీ చదివారా?" అని అడుగుతున్నారు. జనం ఆయన్ని దూరం నుంచే చూసి రోడ్డుకి అవతలి పక్కకి మారిపోతున్నారు. డ్రైవరుగారు మారలేదు. ఆగి, మొత్తం విని, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి మంచి పాలసీ వేటలో పడ్డారు. ఆ వేట చూసి తీరాల్సిందే. ఏ ఆఫీసుకి వెళ్ళినా కుర్చీలో కూర్చుని, స్టీరింగు పట్టుకున్నట్టు బల్ల అంచు పట్టుకుని, ఏజెంటు ముఖంలోకి రోడ్డు చూసినట్టు చూసేవారు. పెదవి విప్పేవారు కాదు. వాగే కస్టమరుని ఏ ఏజెంటయినా బుట్టలో వేసుకోగలడు. మాట్లాడనివాడి ముందు ఎంతటి ఏజెంటుకైనా నోరెండిపోతుంది. ఒకడు ఎవరూ అడక్కుండానే ప్రీమియం తగ్గించుకుంటూ పోయాడు. ఇంకొకడు వరద కలిపి, భూకంపం కలిపి, అప్పటికీ ఈయన కదలకపోతే గోడమీది గడియారం తీసి చేతికిచ్చాడు. ఆఖరివాడు ఆ మౌనానికి తట్టుకోలేక నిజం కక్కేశాడు.

"దాపరికం ఎందుకు సార్. ముందే పాడైన గోడకి ఇవ్వం. చెప్పకుండా దాచినా ఇవ్వం. కానీ అద్దెకిచ్చిన ఇల్లని సరిగ్గా రాయించుకున్నారనుకోండి, ఇల్లు పాడై అద్దె రాని నెలలుంటాయి చూశారా, ఆ అద్దె కూడా మేమే ఇస్తాం. మెట్ల మీద ఎవరో జారిపడి మీ మీద కేసేసినా మేమే చూసుకుంటాం."

"రాయండి" అన్నారు డ్రైవరుగారు. ఆయన గొంతు అలా ఉంటుందని ఏజెంటుకి అప్పుడే తెలిసింది.

ఇదంతా భార్యకి చెప్పకపోవడానికి కారణం ఉంది. కండక్టరమ్మ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. ఎవరూ వెళ్ళరు, వెళ్ళొస్తారు. పైన తథాస్తు దేవతలు చెవులు రిక్కించుకుని కూర్చుంటారని, చెడ్డమాట జారితే చాలు 'అలాగే' అని ముద్ర గుద్దేస్తారని ఆవిడ నమ్మకం. అలాంటి మనిషి ముందు ఇన్సూరెన్సు మాట ఎలా ఎత్తడం? ఆ కాగితం మొదటి పేజీలోనే నిప్పు, పిడుగు, వరద, భూకంపం, అల్లరిమూకలు వరసలో నిలబడి ఉన్నాయి. అందుకని పనయ్యాకే చెబుదామనుకున్నారు, దారిలో బ్రేకులు పట్టలేదన్న సంగతి బస్సు స్టాండులో ఆగాక చెప్పినట్టు.

సర్వేయరు అనుకున్న వేళకే వచ్చాడు. ఎండకి కమిలిన సన్నటి మనిషి. ఏ గోడనీ నమ్మని చూపు. జేబులోంచి టేపు తీసి మేడ చుట్టూ కొలవడం మొదలుపెట్టాడు.

కిటికీ పక్కన మిషను తొక్కుతున్న టైలరమ్మ కాలు ఆగిపోయింది. ఆవిడ వృత్తిలో టేపుకి ఒక్కటే అర్థం. బయటికొచ్చి, డ్రైవరుగారి పక్కన చేరింది.

"ఎవరన్నయ్యగారూ ఆయన?"

"తెలిసినాయన."

"తెలిసినాయనకి మన గోడల కొలతలెందుకు?"

డ్రైవరుగారు కాసేపు ఆలోచించారు. "అలవాటు" అన్నారు.

ఈలోగా సర్వేయరే ఆవిడ దగ్గరికొచ్చాడు. అద్దెకున్నవాళ్ళకి సంగతంతా తెలిసే ఉంటుందని అతను అనుకున్నాడు. అనుకోవడం అతని తప్పు కాదు, మామూలు ఇళ్ళల్లో తెలుస్తుంది.

"ఎన్నాళ్ళుగా ఉంటున్నారమ్మా?"

"చాలా కాలమే అయిందండీ. ఏం?"

"ఖాళీ చేసే ఉద్దేశం ఏమన్నా ఉందా?"

"ఎందుకుంటుంది? మీకెందుకండీ ఆ సంగతి?"

"తెలియాలి కదమ్మా మాకు" అని రాసుకుని, "వెనక గోడ, మెట్లు రేపొచ్చి చూస్తా సార్, ఫొటోలు కూడా తీసుకోవాలి" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం డ్రాయింగు టీచరు స్కూలు నుంచి వచ్చేసరికి టైలరమ్మ మెట్ల మీదే కాపు కాసి ఉంది.

"టీచరమ్మా, ఇల్లు అమ్మేస్తున్నారు."

"ఎవరు చెప్పారత్తా?"

"ఒకరు చెప్పాలా? టేపుతో కొలిచాడు. కొలతలు తీసుకున్నాక కత్తెర పడని గుడ్డ నేనింతవరకూ చూళ్ళేదు. పైగా ఖాళీ చేస్తావా అని నన్నే అడిగాడు, కొనకముందే. కొన్నాక మనల్ని గుమ్మంలో కూడా నిలబడనివ్వడు."

టీచరు తల పైకెత్తి తన కిటికీ వంక చూసింది. ఆ అమ్మాయి ఊళ్ళో ఎన్నో గదులు తిరిగి, పొద్దుటి వెలుతురు నేరుగా కాగితం మీద పడే కిటికీ దొరికిందని ఈ వాటాకి వచ్చింది. టైలరమ్మకి కిటికీతో పనిలేదు, కస్టమర్లంతా ఆ వీధివాళ్ళే. మిషన్లు మోసుకుని వేరే వీధికి పోతే మళ్ళీ మొదట్నుంచీ బొత్తాలు కుట్టుకుంటూ రావాలి.

అప్పుడే కండక్టరమ్మ గేటు తీసుకుని లోపలికొచ్చింది. టైలరమ్మ ఆవిడ సంచీ అందుకుంటూనే అడిగేసింది.

"ఇల్లు బేరం పెట్టారని మాటమాత్రమైనా చెప్పలేదేం వదినగారూ?"

కండక్టరమ్మ సంచీ ఆవిడ చేతిలోనే వదిలేసింది. తన నోటి మీదుగా పోకుండా ఆ ఇంట్లోంచి ఒక్క కబురు బయటికి రావడం అదే మొదలు. వెనకింట్లోకి వెళ్ళి మొగుడి ముందు నిలబడింది.

"ఏమండీ, ఇవాళ ఎవరన్నా వచ్చారా?"

"ఊఁ."

"ఎందుకొచ్చారు?"

"ఏం లేదు."

అంతే, ఆవిడకి రూఢి అయిపోయింది. ఆయన జీవితంలో "ఏం లేదు" అన్నది రెండే సందర్భాల్లో, గుండెల్లో నొప్పి వచ్చినప్పుడూ, తమ్ముడికి హామీ సంతకం పెట్టినప్పుడూ. ఆవిడ వెంటనే టైలరమ్మ వాటాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గుడ్డముక్కల మధ్య ముగ్గురూ సమావేశమయ్యారు.

"రేపు వాడొచ్చేసరికి ఈ ఇల్లంటే హడలిపోవాలి. గోడలు కూలిపోయేలా ఉన్నాయని చెబుదాం" అంది టైలరమ్మ.

"నీ నోట్లో దుమ్ముపడ. ఆ మాట అనకు" అంది కండక్టరమ్మ చెవులు మూసుకుని.

"మరేమనాలి?"

"గోడ కాస్త నడుం వాల్చేలా ఉందను."

"పైకప్పు మీద పడిపోతుందని..."

"కప్పు మనమీద అభిమానంగా ఉందను."

"ఇలాగైతే వాడు అడ్వాన్సు ఇచ్చి మరీ వెళ్తాడు వదినగారూ" అంది టైలరమ్మ.

డ్రాయింగు టీచరు గోళ్ళల్లో ఉన్న రంగు గోక్కుంటూ, "చెప్పడం ఎందుకు పిన్నిగారూ, చూపిద్దాం" అంది. "మెట్ల పక్క గోడమీద ఓ పగులు వేసేస్తాను. ఆయిల్ రంగులు. తర్వాత టర్పెంటైనుతో తుడిచేస్తే పోతుంది."

కండక్టరమ్మ ఆలోచించింది. పగులు అన్న మాట నోటితో అనకూడదు గానీ, బొమ్మ వెయ్యకూడదని ఎవరూ చెప్పలేదు. తథాస్తు దేవతలకి చెవులే గానీ కళ్ళున్నాయని ఆవిడెప్పుడూ వినలేదు. "కానియ్యి" అంది.

ఆ అమ్మాయి కానిచ్చింది. తెల్లారగానే లేచి, డ్రైవరుగారు పాలకి వెళ్ళిన కాస్త వ్యవధిలో మొదలుపెట్టి, ఆయన పాలూ పేపరూ కబుర్లూ ముగించుకుని వచ్చేసరికి పూర్తి చేసింది. పిల్లల చేత మామిడిపిందెలూ కుండలూ వేయించీ వేయించీ విసిగిపోయి ఉందేమో, ఉన్న విద్యంతా ఆ గోడకి ధారపోసింది. పైవాటా కిటికీ మూల నుంచి బయల్దేరిన పగులు వంకర తిరిగి, ఒకచోట రెండుగా చీలి, లోపల ఇటుక ఎర్రగా కనిపిస్తూ, అంచుల నీడతో సహా కిందికి దిగింది. కిందనుంచి చూస్తే అందులో చెయ్యి పట్టేటట్టుంది. టైలరమ్మ అది చూసి, అబద్ధమని తెలిసి కూడా, దాని పక్కనుంచి కాకుండా దూరంగా తిరిగి వెళ్ళింది.

సర్వేయరు కెమెరాతో వచ్చాడు. ముందు టైలరమ్మ అందుకుంది.

"వచ్చారా బాబూ? వానొస్తే మా ఇంట్లో గొడుగేసుకుని అన్నం తింటామండీ. స్విచ్చి వేస్తే చెయ్యి జిల్లుమంటుంది. తలుపు వేస్తే కిటికీ తెరుచుకుంటుంది."

"అవునా?" అని అన్నీ రాసుకున్నాడు. అతని వృత్తిలో అద్దెకున్నవాళ్ళు ఇంతకంటే ఎక్కువే చెబుతారు.

"గోడ కూడా కొంచెం నడుం వాలుద్దామనుకుంటోంది" అంది కండక్టరమ్మ తన వంతుగా.

అతనికి అర్థం కాలేదు. మెట్ల వైపు తిరిగాడు. తిరిగి, తల పైకెత్తి, కెమెరా మెల్లిగా కిందికి దించాడు. పగిలిన గోడని తాకకూడదన్నది వాళ్ళకి నేర్పే మొదటి పాఠం. అతను వెనక్కి వెనక్కి నడిచి గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాడు.

అతని వెనకే వస్తున్న డ్రైవరుగారు కూడా అప్పుడే చూశారు, పొద్దున పేపరులోంచి తల ఎత్తకుండానే వెనకింట్లోకి వెళ్ళిపోయారు. నిన్న సాయంత్రం మోటారు వెయ్యడానికి ఆయన ఆ గోడ పక్కనుంచే వెళ్ళారు. అప్పుడు లేని పగులు ఒక్క రాత్రిలో ఇంత దూరం వచ్చిందంటే, మధ్యాహ్నానికి ఎంత దూరం వెళ్తుంది? ఆయన ఆ వీధి ఎప్పుడూ వినని గొంతుతో ఒక్క అరుపు అరిచారు.

"అందరూ దిగండి. సామాన్లు వదిలెయ్యండి. తోసుకోకండి, ఒకరి తర్వాత ఒకరు."

టీచరు చేతిలో టీ కప్పుతో దిగింది. టైలరమ్మ దగ్గర కొలతలిస్తున్న కస్టమరు ఒకావిడ మెడచుట్టూ టేపుతోనే వీధిలోకి పరిగెత్తింది. కండక్టరమ్మ, "ఏమండీ, అంత కంగారేం లేదు, ఆగండి" అంటూంటే వినకుండా ఆవిడని రెక్క పట్టుకుని రోడ్డు మీదకి తెచ్చారు. తెచ్చి, తలలు లెక్కపెట్టారు.

ఒక వీధిలో అరుపు వినిపించాక మిగతా పని వీధే చూసుకుంటుంది. ఎదురింటి వాళ్ళు తమ స్కూటరు లోపలికి తోసుకున్నారు. పక్కింటి పోస్టుమాస్టరుగారు, కూలితే తన కుండీల మీద పడుతుందని మున్సిపాలిటీకి ఫోన్ చేశారు. టైలరమ్మ కస్టమర్లు ఒకరొకరుగా వచ్చి నిలబడ్డారు.

"మా అమ్మాయి పెళ్ళిబట్టలు లోపలున్నాయి. పోయేలోపు ఇచ్చెయ్యి" అంది ఒకావిడ.

"ఎక్కడికి పోతుందండీ ఇల్లు? బానే ఉంది" అంది టైలరమ్మ.

"బానే ఉంటే నువ్వు లోపలికెళ్ళి తెచ్చివ్వు."

టైలరమ్మ రెండడుగులు వేసింది. "ఎక్కడికి, వెనక్కి రా చెల్లెమ్మా" అని డ్రైవరుగారు అడ్డం పడ్డారు. అద్దెకున్న మనిషి కోసం ఇంటి ఓనరు చేతులు చాపి అడ్డం నిలబడటం చూసి ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. టైలరమ్మకి భూమిలోకి పోవాలనిపించింది. టీచరు ఆవిడ మోచెయ్యి గిల్లి, "చెప్పేద్దామా అత్తా?" అంది. "ఇంతమంది ముందా? కొనేవాడు కూడా ఇక్కడే నిలబడ్డాడు. వాణ్ణి పోనీ" అంది టైలరమ్మ.

డ్రైవరుగారు ఎదురింటి అరుగు మీద కూర్చుండిపోయారు. జనంలోంచి రిటైర్డు గుమాస్తాగారు తోసుకుంటూ వచ్చి, పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"మీ పాలసీ చదివారా?"

"ఇంకా రాలేదండీ" అన్నారు డ్రైవరుగారు.

మున్సిపాలిటీ నుంచి ఒకతను ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. దూరం నుంచే పగులు చూసి, తల అడ్డంగా ఊపి, గేటు మీద 'ప్రమాదకరమైన కట్టడం' అని రాయడం మొదలుపెట్టాడు. రాత గుండ్రంగా లేదని డ్రాయింగు టీచరుకి అంత ఆపదలోనూ అనిపించింది. అదే సమయానికి సర్వేయరు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఆఁ సార్, ఆ అద్దింటి పాలసీ కాగితాలు ఆపెయ్యండి. గోడ పోయింది. ఇలాంటి ఇంటికి మన కంపెనీ ఇన్సూరెన్సు ఇస్తే మనిద్దరి ఉద్యోగాలూ పోతాయి."

కండక్టరమ్మ అతని దగ్గరికి నడిచింది. "ఇన్సూరెన్సా? ఇల్లు కొనడానికి వచ్చింది కదూ మీరు?"

"నేనెందుకు కొంటానమ్మా? నాకే సొంతిల్లు లేదు. మీ ఆయనే కదా, ఈ ఇల్లు పోతే మీ ఇద్దరికీ ఆధారం ఉండదని ఆఫీసుల చుట్టూ తిరిగి ఈ పాలసీ పట్టుకుంది."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. ఆయన అరుగు మీంచే చూస్తున్నారు.

"ఏమండీ, నాకో మాట చెబితే ఏం పోయింది?"

"నిప్పు, పిడుగు అని నీ ముందు అనాలి కదా" అన్నారు ఆయన.

కండక్టరమ్మ వీధి మధ్యకి నడిచింది. తర్వాత ఉద్యోగ ధర్మం గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకుని వీధి మొత్తానికి వినబడేలా చెప్పింది. "అందరూ వినండి. ఇంటికేం కాలేదు. అది పగులు కాదు, బొమ్మ. మేమే వేయించాం."

ఎవరూ నమ్మలేదు. "రాసేటప్పుడు ప్రతి ఓనరూ ఏదో ఒకటి అంటాడమ్మా. బొమ్మ అన్నవాళ్ళు మాత్రం మీరే" అని మున్సిపాలిటీ అతను కుంచె మళ్ళీ డబ్బాలో ముంచాడు.

"నిజంగానే బొమ్మండీ. నేనే వేశాను" అంది టీచరు.

సర్వేయరు ఆ అమ్మాయిని కిందినుంచి పైకి చూశాడు. "నా సర్వీసులో కొన్ని వందల పగుళ్ళు చూశానమ్మా. బొమ్మకీ పగులుకీ తేడా నాకు తెలీదా?"

ఆ అమ్మాయికి అంతవరకూ ఎవరూ ఇవ్వని మెప్పు అది. ముఖం ఎర్రబడింది. టర్పెంటైను సీసా, గుడ్డ పట్టుకుని మెట్లెక్కింది. గుడ్డ తడిపి గోడకి ఆనించబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

"సర్వేయరుగారూ, తుడిచేముందు ఓ ఫొటో తీసి పెడతారా? మళ్ళీ ఇంత బాగా కుదరదు."

అతను తీశాడు. ఆ అమ్మాయి తుడిచింది. ఇటుక ఎరుపు పోయింది, నీడలు పోయాయి, చీలిక పోయింది. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. మున్సిపాలిటీ అతను తను రాసిన అక్షరాలు తుడవడానికి అదే గుడ్డ అడిగాడు. టైలరమ్మ కస్టమరు మెడలోంచి టేపు తీసుకుంది.

టీచరు మాత్రం కిందికి దిగలేదు. గుడ్డతో ఒకేచోట రుద్దుతోంది.

"ఏమ్మా, పోలేదా?" అని అడిగింది కండక్టరమ్మ.

"రంగంతా పోయింది పిన్నిగారూ. ఇది పోవట్లేదు."

సర్వేయరు ఈసారి పాఠం మర్చిపోయి మెట్లెక్కాడు. రంగు తుడిచేసిన చోట, కిటికీ మూల నుంచి కిందికి, వెంట్రుక మందాన ఒక గీత ఉంది. వేలితో తట్టాడు. లోపల డొల్లగా మోగింది.

"ఇది నువ్వు వెయ్యలేదు కదా?"

"లేదండీ. ఉత్త గోడమీద చెయ్యి ఆడలేదు. ఈ గీత కనబడితే దాని వెంటే వెళ్ళాను" అంది ఆ అమ్మాయి నీరసంగా.

మేస్త్రీని పిలిపించారు. అతను సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి పెచ్చు ఊడి, వెనక నీళ్ళ పైపు కనిపించింది. ఎన్నాళ్ళుగా కారుతోందో, చుట్టూ ఉన్న ఇటుక తడిసి మెత్తబడి ఉంది. "ఈ వానాకాలం మెట్లూ గోడా కలిసి కిందికొచ్చేవి" అన్నాడు మేస్త్రీ.

"మీ అదృష్టం సార్. నిన్న పాలసీ ఇచ్చేసి, రేపు ఇది పడుంటే, పాత డ్యామేజీ దాచారని పైసా ఇచ్చేవాళ్ళం కాదు. బాగుచేయించి చెప్పండి, మళ్ళీ వస్తా" అన్నాడు సర్వేయరు.

"ఇల్లు కూలిపోయుండేది" అంది కండక్టరమ్మ పైకే. అనేసి, ఒకసారి ఆకాశం వంక చూసింది. ఏమీ కాలేదు.

గోడ విప్పి కట్టినన్నాళ్ళూ మేడలో ఎవరూ ఉండకూడదన్నాడు మేస్త్రీ. ఆ విధంగా, ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుందని పగులు వేసినవాళ్ళు ఆ పగులు వల్లే ఇల్లు ఖాళీ చేశారు. వెళ్ళడానికి వేరే చోటు లేక వెనకింట్లో చేరారు. ముందు గదిలో మిషన్లు, వాటి మీద టీచరు అట్టలు. మిషను మీద అన్నం పెట్టుకోవద్దని టైలరమ్మ, కుట్టిన బట్టల పక్కన రంగులు కలపొద్దని కండక్టరమ్మ. డ్రైవరుగారు ఎక్కువగా గేటు దగ్గర నిలబడి ఉండేవారు. అయితే కండక్టరమ్మ వంట బాగా చేస్తుంది. రెండు పూటలా వేడిగా దొరుకుతుంటే టైలరమ్మకీ టీచరుకీ ఆ ఇరుకు అంతగా తెలియలేదు. మేడ పని పూర్తయి సున్నం ఆరినా కదల్లేదు.

సర్వేయరు మర్నాడు వస్తానని కబురు పెట్టాడు. ఎవరూ లేని ఖాళీ ఇంటికి పాలసీ ఇవ్వరని కూడా చెప్పాడు.

"రేపే మారండి" అంది కండక్టరమ్మ.

"పెళ్ళిబట్టలు చేతిలో ఉన్నాయి వదినగారూ. ఇప్పుడు మిషన్లు కదిపితే పెళ్ళికూతురు నా ప్రాణం తీస్తుంది. ఇంకో వారం."

"నాకు కొత్త పెయింటు వాసన పడదు పిన్నిగారూ" అంది డ్రాయింగు టీచరు.

చేసేదిలేక మొగుడూ పెళ్ళాలే ఒక మంచం, ఒక స్టవ్వు మోసుకుని, ఆ ఒక్క రోజుకని పైవాటాలోకి మారారు. పొద్దున డ్రైవరుగారు కిటికీ తెరిచారు. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. కింద వీధంతా, మలుపు దాకా, అడ్డం లేకుండా కనిపిస్తోంది. ఆయన కుర్చీ లాక్కుని అక్కడ కూర్చున్నారు. సర్వేయరు వచ్చేవరకూ లేవలేదు.

సర్వేయరు అన్ని గోడలూ తట్టాడు. టీచరు వేళ్ళు కూడా పరీక్షగా చూశాడు. తర్వాత అడిగాడు.

"మేడలో ఎవరుంటున్నారు?"

కండక్టరమ్మ, "అంటే, ఇవాళ్టికి..." అని మొదలుపెట్టింది.

"మేమే" అన్నారు డ్రైవరుగారు.

"వెనకింట్లో?"

"అద్దెకున్నవాళ్ళు."

అందరూ ఆయన వైపు తిరిగారు. కండక్టరుని దాటుకుని డ్రైవరు మాట్లాడటం వాళ్ళెవరూ చూడలేదు. సర్వేయరు రాసుకున్నాడు. "అయితే మేడకి సొంతానికి ఉంటున్న ఇంటి పాలసీ. వెనకింటికి అద్దింటి పాలసీ. వీళ్ళిద్దరూ ఇప్పుడిస్తున్న అద్దెకే అద్దె నష్టం కవరు, అదే ఇల్లు పాడైతే మేమిచ్చే అద్దె, రాసేస్తున్నా. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎవరు ఎక్కడున్నామని చెప్పారో అక్కడే ఉండాలి. లేకపోతే ఆ గుమాస్తాగారి గతే మీదీను."

"మారితే మీకు చెప్పొచ్చు కదండీ?" అంది టైలరమ్మ.

"చెప్పొచ్చు. నేను మళ్ళీ వచ్చి మొదట్నుంచీ గోడలన్నీ తట్టి చూడాలి."

"వద్దులెండి" అంది డ్రాయింగు టీచరు, ఎవరూ అడక్కముందే.

అతను వెళ్ళాక చాలాసేపటికి గానీ టైలరమ్మకి మొత్తం లెక్క అందలేదు. మేడకిచ్చిన అద్దె వెనకింటికి ఇవ్వాలి. తగ్గించమంటే పాలసీలో రాసిన అంకె తప్పవుతుంది. పాలసీ ఏడాది వరకూ ఉంటుంది. అన్నిటికంటే, స్టవ్వు పైవాటాకి వెళ్ళిపోయింది, దాంతోపాటు వంట కూడా. మెట్ల కింద నిలబడి పైకి చూసింది. కిటికీలో డ్రైవరుగారు కూర్చుని ఉన్నారు, చూపు ముందుకి, నోరు మూసి.

"అన్నయ్యగారూ, ఇదంతా కావాలనే చేశారా?"

"ఏం లేదు" అన్నారు ఆయన.

ఓనరు మారితేనే ఈ పాలసీ మారుతుందని, వెనకిల్లు కొనేవాళ్ళెవరైనా ఉంటే చెప్పమని టైలరమ్మ ఇప్పుడు ప్రతి కస్టమరునీ బతిమాలుతోంది.